ఇంటి వెనక షెడ్డులో పుట్టిన హాట్ రాడ్ కారు

ఇవాళ పొలం సంగతి కాదు, ఇనుము సంగతి.

1932లో అమెరికాలో ఫోర్డు కంపెనీ వి8 ఇంజన్ కారు తెచ్చింది. ఎనిమిది సిలిండర్లు, 65 హార్స్ పవర్. మామూలోడికి అందే ధరలో అలాంటి ఇంజన్ అదే మొదలు. కొన్నేళ్లకి అవి పాత సామాన్ల కొట్లకి చేరాయి. కాలిఫోర్నియాలో చేతిలో పెద్దగా డబ్బుల్లేని కుర్రాళ్లు వాటిని కొని ఇంటి దగ్గరే విప్పారు. మడ్‌గార్డులు, బంపర్లు పీకేశారు. కొందరు టాప్ కోసి కిందకి దించారు. బరువు తగ్గితే అదే ఇంజన్ ఎంత లాగుద్దో ట్రాక్టర్ తోలేవాళ్లకి నేను చెప్పాలా! ఒక కార్బురేటర్ ఉన్నచోట రెండు బిగించారు.

అసలు గండం బ్రేకులతోనే. ఆ కారుకి ఇనుప కడ్డీలతో లాగే బ్రేకులు. స్పీడు పెంచారు సరే, ఆగేదెట్లా? 1939 మోడల్ నుంచి ఫోర్డు ఆయిల్ బ్రేకులు పెట్టింది. కుర్రాళ్లు వాటిని ఊడదీసి పాత కారుకి వేసుకున్నారు. నన్నడిగితే ఇంజన్ పని కన్నా ఇదే గొప్ప.

పందేలు మ్యూరాక్ అనే ఎండిన సరస్సులో జరిగేవి. 1937లో క్లబ్బులు కలిసి సంఘం పెట్టుకున్నాయి. తర్వాత ఆ నేల మిలిటరీ చేతికి పోయింది. 1949లో ఆ సంఘం వాళ్లు కార్లేసుకుని యూటాలోని బోనవిల్ ఉప్పు నేలకి వెళ్లారు.