పద్మాక్షి గుట్ట: ఎండాకాలపు దారి, తొమ్మిది వందల ఏళ్ల శాసనం

ఒంటిపూట బడులు మొదలైన తర్వాత వచ్చే మొదటి ఆదివారం మా సోషల్ సారు తొమ్మిదో తరగతి పిల్లలను హనుమకొండ పద్మాక్షి గుట్ట ఎక్కించేవారు. షరతులు మూడే. తెల్లవారకముందే గుట్ట కింద ఉండాలి, ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకోవాలి, ఎనిమిదింటికల్లా దిగిపోవాలి. "ఎండల్లో గుట్టేంది సారూ, చలికాలంలో పోదాం" అని మేమంటే ఆయన నవ్వేవారు. "చలికాలంలో గుట్ట మీద గడ్డి కనబడ్తది, ఎండాకాలంలో గుట్ట కనబడ్తది" అనేవారు.

ఆ మాట ఎంత నిజమో పెద్దయ్యాక అర్థమైంది. మన ఊరి గుట్టలు గ్రానైటు గుట్టలు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల గట్టిపడిన రాయి, పైపొరలు అరిగిపోగా బయటపడింది. ఎండకూ వానకూ ఆ బండ ఉల్లిపొరల్లా లేచి, నలిగి మొరం అవుతుంది. ఎండాకాలంలో నడిచేవాళ్లకు అసలు భయం ఆ మొరంతోనే. వాలు బండ మీద కాలు పెడితే గోలీల మీద పెట్టినట్టే. వానాకాలంలో మొరం కొట్టుకుపోతుంది గానీ పాచి పడుతుంది. పొద్దెక్కిన రెండు మూడు గంటలకే బండ కాలడం మొదలవుతుంది. మే నెలలో గాలి వేడి 44, 45 డిగ్రీలు దాటిన రోజుల్లో పొద్దు గూకినా రాయి చల్లారదు. అందుకే సారు సాయంత్రం నడక ఎప్పుడూ పెట్టలేదు.

ఒక ఏడు గుడి ఉందని నేను కిందనే చెప్పులు విడిచి ఎక్కాను. శాసనం దగ్గర ముచ్చట్లలో పడి ఆలస్యమైంది. దిగేసరికి అరికాళ్లు బొబ్బలెక్కాయి. మరుసటి వారమంతా బడికి కుంటుతూ పోయాను. ఆ శాసనాన్ని మాత్రం ఇంకెప్పుడూ మరిచిపోలేదు.

గుడి దగ్గర ఉన్న నాలుగు పలకల నల్లరాతి స్తంభమే ఆ శాసనం. చాళుక్య విక్రమ శకం 42వ ఏడు, అంటే క్రీ.శ. 1117 నాటిది. అప్పుడు అనుమకొండను ఏలుతున్నవాడు కాకతి రెండవ ప్రోలుడు. ఆయన ఇంకా స్వతంత్రుడు కాడు, కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని సామంతుడు. అందుకే శాసనం చాళుక్య శకంలో ఉంది, భాష కన్నడం. ప్రోలుని మంత్రి బేతన పెర్గడ భార్య మైలమ ఈ గుట్ట మీద కడలాలయ బసది అనే జైన ఆలయం కట్టించింది. గుడి లోపల బండకు చెక్కిన తీర్థంకరుల రూపాలు ఆ కాలాన్ని ఇప్పటికీ చెబుతున్నాయి. తర్వాతి కాలంలో అమ్మవారు పద్మాక్షిగా పూజలందుకున్నది. దేవత పేరు మారినా జనం ఎక్కే గుట్ట మాత్రం మారలేదు.

సారు మాతో ఎక్కువసేపు మాట్లాడించింది మాత్రం మైలమ ఇచ్చిన దానం గురించి. గుట్ట మీది గుడికి ఆమె ఇచ్చింది చెరువు కింది భూమి. "నెత్తిన రాయి, కాళ్ల కింద నీళ్లు. ఎందుకట్ల ఇచ్చింది?" అని అడిగేవారు. జవాబు మా సీసాల్లోనే ఉండేది. అప్పటికే సగం ఖాళీ. బోడి బండ మీద గింజ పండదు, వాన నీళ్లు నిలవవు. పైన దీపం వెలగాలన్నా, పూజారికి బువ్వ దొరకాలన్నా కింద చెరువు నిండాలి. కాకతీయుల కాలంలో గుడి, చెరువు జంటగా ఎందుకు కనిపిస్తాయో పాఠ్యపుస్తకంలో చదివాం. దాహమేస్తుండగా గుట్ట మీద నిలబడి తెలుసుకున్నాం.

పైనుంచి చూస్తే తక్కిన చరిత్ర కూడా వరసలో కనబడేది. ఒకవైపు హనుమకొండ. అక్కడ ప్రోలుని కొడుకు రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి శాసనం వేయించి స్వతంత్రం చాటుకున్నాడు. ఇంకోవైపు ఓరుగల్లు. రుద్రదేవుడు కోట మొదలుపెడితే గణపతిదేవుడు, రుద్రమదేవి దాన్ని బలపరిచారు. 1323లో అది ఢిల్లీ సైన్యం చేతికి పోయింది. ఓరుగల్లుకు ఏకశిల అనే పేరు కూడా అక్కడి ఒంటి బండ వల్లనే వచ్చింది. మనది రాయి పేరు పెట్టుకున్న ఊరు.

మిత్రులారా, మన బడికి 50 ఏళ్లు నిండాయి. ఆ శాసనానికి 900 ఏళ్లు దాటాయి. సద్దుల బతుకమ్మ నాడు మన ఆడపడుచులు గుట్ట కింద గుండం దగ్గరికి వస్తూనే ఉన్నారు కాబట్టి గుట్టను ఊరు మరిచిపోయిందని అనలేం. కానీ గుట్ట మీద ఏం రాసి ఉందో తెలిసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. చుట్టూ ఇళ్లు పెరిగాయి. మన చుట్టుపక్కల ఎన్నో గుట్టలు క్వారీల పాలై, పలకలై, ఊరు దాటిపోయాయి. రాయి పోతే దాని మీది రాత కూడా పోతుంది. శాసనం ఉన్న గుట్టను కాపాడేది కంచె ఒక్కటే కాదు, దాన్ని చదవడం నేర్చిన పిల్లలు కూడా.

స్వర్ణోత్సవం గుర్తుగా హాలు కట్టాలని కొందరు, గేటు కట్టాలని కొందరు అంటున్నారు. కట్టుకుందాం. దానితోపాటు ఖర్చు లేని పని ఒకటి చేద్దాం. ఏటా ఒంటిపూట బడులు మొదలైన తర్వాత వచ్చే మొదటి ఆదివారం, మనలో నలుగురం తొమ్మిదో తరగతి పిల్లలను గుట్ట ఎక్కిద్దాం. షరతులు సారు పెట్టినవే. తెల్లవారకముందే రావాలి, ఎవరి నీళ్లు వాళ్లవే, ఎనిమిదింటికల్లా దిగాలి. నాలుగోది నేను కలుపుతున్నాను: చెప్పులు సంచిలో పెట్టుకొని గుడి దాకా తెచ్చుకోవాలి.