కాలరు బిరుసు వెనుక కథ

ఉతికిన చొక్కాకు గంజి పెట్టుట మనకు కొత్త కాదు. గంజిలోని పిండిపదార్థము పోగుల నడుమ ఎండి, వానిని కదలనీయక పట్టి ఉంచును. అందువలన గుడ్డ బిరుసెక్కును. కాని నీటిలో ముంచగానే గంజి వదలును. ఉతికినప్పుడెల్ల మరల పెట్టవలసినదే. ఉతికినను పోని బిరుసును ఎట్లు తేవలెను? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

1827లో అమెరికాలోని ట్రాయ్ పట్టణమున హన్నా మాంటేగ్ అను గృహిణి, చొక్కాలో కాలరు మాత్రమే మాసినదని, దానిని కత్తిరించి ఉతికి మరల తగిలించినదని ప్రసిద్ధి. అట్లు పుట్టిన విడి కాలర్ల పరిశ్రమ ఆ పట్టణమునకు పేరు తెచ్చినది. తరువాత సెల్యులాయిడ్ కాలర్లు వచ్చినవి. వానిని తడిగుడ్డతో తుడిచిన చాలును, గంజి అక్కరలేదు. కాని అవి మెడను ఒరయును. నిప్పు సోకిన భగ్గుమనును.

గుడ్డను మందము చేసిన చాలదా? ఒక చిన్న ప్రయోగము చేయుడు. ఒకే కొలత గల నాలుగు కాగితపు పట్టీలు తీసికొనుడు. రెంటిని జిగురుతో పూర్తిగా అంటించి ఆరబెట్టుడు. తక్కిన రెంటిని ఊరక జతపరచుడు. రెండు జతలను బల్ల అంచు దాటించి సమానముగా చాచినచో, అంటించని జత ఎక్కువగా వంగును. కారణమేమన, విడి పొరలు వంగునప్పుడు ఒకదానిపై నొకటి జారును. అంటిన పొరలు జారలేవు. పై పొర సాగవలెను, క్రింది పొర కుదియవలెను. సిద్ధాంతరీత్యా విడి పొరలు రెండైనచో బిరుసు రెండు రెట్లే. అవి అంటినచో, మందము యొక్క ఘనమును బట్టి, ఎనిమిది రెట్లు. గుడ్డ బిరుసును ఇట్లే చాచి కొలుచు పద్ధతిని 1930లో ఇంగ్లండులో ఎఫ్. టి. పియర్స్ ప్రకటించెను.

కనుక ముఖ్యముగా కావలసినది మందము కాదు, వీడని అంటు. 1930 తరువాతి సంవత్సరములలో కాలరు పొరల నడుమ సెల్యులోజ్ ఎసిటేట్ దారములు గల గుడ్డ నుంచి, ద్రావకముతో మెత్తబరచి, వేడిగా నొక్కి అంటించిరి. 1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అను శాస్త్రజ్ఞులకు పాలిథీన్ లభించెను. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ అధిక పీడనము లేకయే, మరింత సాంద్రమైన పాలిథీన్ తయారుచేసెను. ఇది సుమారు 130 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగును. మరుగు నీటి వేడి 100 డిగ్రీలు. నూలుగుడ్డ తట్టుకొను ఇస్త్రీ వేడి సుమారు 200 డిగ్రీలు. ఈ రెంటి నడుమ కరుగుటయే దీని సుగుణము.

నేడు చొక్కా కాలర్లలో వాడు, వేడికి అంటుకొను బక్రమునకు ఒక ముఖమున ఇట్టి ప్లాస్టిక్ చుక్కలు చుక్కలుగా ఉండును. చుక్కల నడుమ ఖాళీ ఉండుటచే గుడ్డ అట్టవలె కాక వంగగలదు. వేడి, ఒత్తిడి, నొక్కి ఉంచు కాలము, మూడును కుదరవలెను. వేడి చాలనిచో జిగురు పోగులలోనికి దిగదు. ఉతికినపుడు పొరలు ఊడి బుడగలు లేచును. మితిమీరినచో జిగురు గుడ్డ పైకి ఉబికి మరకలగును. గుడ్డ, బక్రము సమానముగా కుదియకున్నను ముడుతలు పడును. అందుచే కొత్త కాలరును వేలితో నొక్కి బిరుసు చూచిన చాలదు. పలుమారులు ఉతికిన పిదప పొరలు వీడకుండుటయే దానికి అసలు పరీక్ష.