గుండెలో ఏ గది పెద్దది? లేని చిల్లుల కథ

ఆదివారం యర్రగొండపాలెంలో మటన్ కొట్టుకి వెళ్తే ఈసారి ఒక గుండెకాయ అడగండి. అడ్డంగా కోయించి చూడండి. ఎడమ వైపు గది గుండ్రంగా, గోడ మందంగా ఉంటుంది. కుడి గది పల్చటి గోడతో, నెలవంకలాగా దాన్ని కరుచుకుని ఉంటుంది. చూడగానే ఎడమదే పెద్దది అంటాం. నేనూ అలాగే అన్నా.

అసలు లెక్క వేరు. మనిషి ఎడమ జఠరిక గోడ సుమారు 10 మిల్లీమీటర్లు, కుడిది 3 నుంచి 5. కానీ లోపల పట్టే రక్తం చూస్తే కుడి గదే కాస్త పెద్దది! ఒక్కో దెబ్బకి రెండూ తోసేది దాదాపు సమానమే. బోరు మోటర్లు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. నీళ్లు అవే, గట్టు మీదికి ఎక్కించాలంటే హార్స్‌పవర్ ఎక్కువ కావాలి. ఎడమది ఒళ్లంతా తోయాలి, పీడనం 120 దాకా వెళ్తుంది. కుడిది పక్కనున్న ఊపిరితిత్తులకే కాబట్టి 25 చాలు.

ఈ రెండు గదుల మధ్య గోడ దగ్గరే పెద్ద తప్పు జరిగింది. రెండో శతాబ్దంలో గేలెన్ అనే గ్రీకు వైద్యుడు, రోమ్‌లో పేరు మోసినాయన, కోతుల్ని, పందుల్ని కోసి చూసి, ఆ గోడకి కంటికి కనపడని చిల్లులున్నాయని, కుడి నుంచి ఎడమకి రక్తం వాటిగుండా ఇంకుతుందని రాశాడు. వెయ్యేళ్లకి పైగా అదే పాఠం. పెద్దాయన చెప్పాడు కదా, ఇంకెవరు అడుగుతారు?

కైరోలో ఇబ్న్ అల్ నఫీస్ అడిగాడు. 1242లో, గోడ గట్టిది, చిల్లుల్లేవు, రక్తం ఊపిరితిత్తుల మీదుగా ఎడమకి వస్తుందని తేల్చి రాశాడు. ఆ రాత మరుగున పడి, 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో ఒక ఈజిప్టు వైద్యుడి కంట పడింది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

యూరప్‌లో వెసేలియస్ 1555 నాటికి చిల్లులు కనపడట్లేదని ఒప్పుకున్నాడు. 1628లో విలియం హార్వే లెక్కే వేశాడు. ఒక దెబ్బకి ఇంత, అరగంటకి ఇన్ని దెబ్బలు అని గుణిస్తే, తిన్న తిండితో అంత రక్తం తయారవడం కుదరదు. అంటే అదే రక్తం తిరుగుతోంది. డీబగ్గింగ్ అంటే ఇదీ! కడుపులో బిడ్డకి రెండు జఠరికలూ దాదాపు సమానంగా ఉంటాయని కూడా గమనించాడు. అప్పటికింకా ఊపిరితిత్తులకి పని లేదు కదా.

ఇక గేలెన్ ఊహించిన చిల్లు నిజంగానే ఉన్న పిల్లలున్నారు. మనం గుండెలో రంధ్రం అనేవాటిలో ఇదొకటి. కాకపోతే రక్తం గేలెన్ చెప్పినట్టు కాదు, తిరగబడి పోతుంది. ఎడమ వైపు పీడనం ఎక్కువ కాబట్టి కుడికి కారి, ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది. చిన్న చిల్లు చాలాసార్లు దానంతటదే పూడుకుంటుంది. పెద్దదైతే పసిబిడ్డ పాలు తాగుతూ తాగుతూ ఆయాసపడుతుంది, నుదురంతా చెమట, బరువు పెరగదు. మన వైపు దిష్టి అనేస్తారు. దిష్టి తీయండి, వద్దనను, కానీ ఆ వారమే ఎకో కూడా చేయించండి. 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్స్ ఓడల కర్మాగారంలో ఇనుములో పగుళ్లు వెతికే పరికరాన్ని గుండె మీద పెట్టి మొదలుపెట్టిన పరీక్ష అది. ఆ కథ వచ్చే ఎపిసోడ్‌లో.