తుపాకీ దిగిన సఫారీ

ఆఫ్రికా సఫారీకి వెళ్లాలనుకునేవాళ్లు మొదట అడిగేది 'బిగ్ ఫైవ్' గురించే. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, ఆఫ్రికా దున్న. ఈ జాబితా వేటగాళ్లది. కాలినడకన వెంటపడితే ఎదురుతిరిగి ప్రాణం తీసే జంతువులని వాళ్లు ఏరిపెట్టుకున్నవే ఈ అయిదూ. జిరాఫీకి అందులో చోటు లేనిది అందుకే.

సఫారీకి దారి తెరిచింది రైలు. 1896లో మొంబాసా దగ్గర మొదలైన ఉగాండా రైల్వే పట్టాలు వేసింది చాలావరకు మన దేశం నుంచి వెళ్లిన కూలీలే. 1898లో సావో నది వంతెన కడుతుండగా రెండు సింహాలు వాళ్లను రాత్రిళ్లు గుడారాల్లోంచి ఈడ్చుకుపోయాయి. 1901కల్లా పట్టాలు విక్టోరియా సరస్సు చేరాయి. ఆ రైలెక్కి తుపాకులతో దొరలు దిగారు. గుడారాలు, వంటవాళ్లు, మోతగాళ్లు అన్నీ సమకూర్చిపెట్టే కంపెనీలు నైరోబీలో వెలిశాయి. ఒక్కో మోతగాడి తల మీద సుమారు 27 కిలోల బరువు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వచ్చినప్పుడు, పందితోలు బైండు వేయించుకున్న ఆయన పుస్తకాల పెట్టె ఒక్కటే ఒక మనిషి మోత. ఆయనా, కొడుకు కెర్మిట్ కలిసి అయిదు వందలకు పైగా జంతువులను కాల్చారు. ఎంత మ్యూజియంలో నమూనాల కోసమన్నా ఆ లెక్క చదివితే కడుపులో దేవుతుంది.

తుపాకీ ఒక్కసారిగా దిగలేదు. 1926లో దక్షిణాఫ్రికాలో క్రూగర్ జాతీయ పార్కు అయింది; మరుసటి ఏడు సందర్శకులతో వచ్చినవి మూడంటే మూడు కార్లు. నైరోబీ పార్కు 1946లో, సెరెంగెటి 1951లో వచ్చాయి. కెన్యా వేటను పూర్తిగా నిషేధించింది 1977లో. మన మెతుకుసీమదీ ఇదే దారి. నిజాం వేటాడిన పోచారం అడవి 1952లో అభయారణ్యమైంది. సంగారెడ్డి పక్కన మంజీరా మొసళ్లకు ఆ రక్షణ 1978లో దక్కింది.

తుపాకీ దిగింది కాబట్టి, మన సంగారెడ్డి జిల్లా ముత్తంగిలో కూర్చుని ప్లాన్ వేసుకునేవాళ్లు ఆ వేటగాళ్ల జాబితా పక్కన పెట్టి వానల లెక్క చూడాలి. వానల వెంట గడ్డి, గడ్డి వెంట లక్షల వైల్డ్‌బీస్ట్‌లు, వాటి వెంట సింహాలు. పిల్లల వేసవి సెలవులు ఇందుకు పనికిరావు. ఏప్రిల్, మే నెలల్లో కెన్యాలో పెద్ద వానలు, బురదలో జీపులు దిగబడతాయి. మందలు మారా నది దాటేది జూలై నుంచి అక్టోబరు దాకా. అంటే మన దసరా సెలవులు సరిగ్గా సరిపోతాయి. సంక్రాంతి తర్వాత వెళ్తే దక్షిణ సెరెంగెటిలో, ఎండుటూ వైపు, అప్పుడే పుట్టిన దూడలు తల్లుల వెంట పరుగెత్తడం చూడొచ్చు.

రోజుకో పార్కు తిప్పే ప్యాకేజీ వద్దనండి. రోజంతా రోడ్డు మీదే గడిచిపోతుంది. ఒక్కచోటే మూడు నాలుగు రాత్రులు ఉంటే తెల్లవారుజామునా, పొద్దువాలాకా అడవి కంటబడుతుంది. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు జాగ్రత్త. కెన్యా నుంచి తిరిగొచ్చినప్పుడు శంషాబాద్‌లో అది లేదంటే క్వారంటైన్‌కు పంపొచ్చు.