బ్యాటరీ మీద పూసే మైలుతుత్తం

పికప్ వ్యాన్ బ్యాటరీ టెర్మినల్ చుట్టూ పూతలా పేరుకునే నీలిరంగు పొడి మైలుతుత్తం. పసారి కొట్లో పొట్లం కట్టి ఇచ్చేదీ, ఉద్దానం కొబ్బరి రైతు మొవ్వుకుళ్లు తెగులుకు సున్నంతో కలిపి పూసేదీ ఇదే కాపర్ సల్ఫేటు. పలాస జీడిపప్పు మోసే బండిలోనూ, నౌపడ ఉప్పు మోసే బండిలోనూ, భావనపాడు నుంచి చేపల పెట్టెలు తెచ్చే బండిలోనూ ఇది ఎవరూ చేయకుండా తనంతట తాను తయారవుతుంది. దీనికి కావలసిన సరుకులు ముఖ్యంగా రెండు, రాగి, గంధకామ్లం. రాగి కేబుల్ తీగలో, ఇత్తడి క్లాంపులో ఉంది. ఆమ్లం బ్యాటరీలో ఉంది. ఆ రెంటినీ దూరంగా ఉంచడానికే అంత పెట్టె, అన్ని మూతలు. అయినా అవి కలుసుకుంటాయి.

కలుసుకునే దారి సన్ననిది. చార్జింగ్ ఎక్కువైతే బ్యాటరీలోని నీరు హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోయి బుడగలు కడుతుంది. బుడగ పగిలినప్పుడల్లా కంటికి కనిపించని యాసిడ్ తుంపర లేస్తుంది. అది మూతల రంధ్రాల్లోంచి, సీసపు పోస్టు మూతను చీల్చుకుని పైకి వచ్చే చోట పడిన పగుళ్లలోంచి బయటికి వస్తుంది. సీసానికి తగిలితే తెల్లటి లెడ్ సల్ఫేటు, రాగికి తగిలితే నీలి మైలుతుత్తం. గాలిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు కూడా తోడైతే ఆకుపచ్చ. పొడి రంగు చూసి తినబడుతున్నది ఏ లోహమో చెప్పవచ్చు.

ఈ పదార్థాలన్నీ బ్యాటరీ కంటే చాలా పాతవి. రసరత్నసముచ్చయం వంటి రసశాస్త్ర గ్రంథాలు మైలుతుత్తాన్ని సస్యకమనే పేరుతో లెక్కించాయి, దాని నుంచి రాగి దిగుతుందనీ గుర్తించాయి. సీసం కూడా తెలుగు నేలకు కొత్తది కాదు. శాతవాహనులు సీసంతో నాణేలు వేయించారు. బంగారం, వెండి విలువ చూసుకునే రాజులు ఎందరో ఉండగా, మెత్తగా ఉండి తేలిగ్గా కరిగే ఈ బరువైన లోహాన్ని సామాన్యుడి చేతిలోని డబ్బుగా మార్చిన వంశం అది. ఆ తరువాత కొన్ని వందల ఏళ్లపాటు సీసం, ఆమ్లం వేర్వేరు దారుల్లో నడిచాయి. అన్నభేదిని మట్టిపాత్రలో కాల్చి ఆ ఆవిరిని చల్లార్చి ఆమ్లం తీసేవారు. చేతికి వచ్చేది కొద్దిగా, ఖర్చు ఎక్కువగా ఉండేది.

ఆ రెండు దారులూ 1746లో బర్మింగ్‌హామ్‌లో కలిశాయి. జాన్ రోబక్ గంధకామ్లాన్ని గాజు పాత్రల్లో కాక సీసపు రేకులతో కట్టిన గదుల్లో తయారు చేయడం మొదలుపెట్టాడు. ఇనుమును తినేసే ఆమ్లానికి సీసం ఎలా తట్టుకుంది? ఆమ్లం తగలగానే సీసం మీద లెడ్ సల్ఫేటు పొర ఏర్పడుతుంది. ఆ పొర నీటిలో దాదాపు కరగదు కాబట్టి కింది లోహానికి అదే కవచం. ఈ ఒక్క గుణం వల్లే ఆమ్లం చవకైంది. ఈ ఒక్క గుణం వల్లే తరువాతి శతాబ్దంలో సీసపు బ్యాటరీ సాధ్యమైంది. టెర్మినల్ మీది తెల్లపొడి మీద ఎన్ని వేడినీళ్లు పోసినా కదలకపోవడానికీ కారణం ఇదే.

1800 మార్చి 20న అలెస్సాండ్రో వోల్టా లండన్ రాయల్ సొసైటీకి రాసిన లేఖలో రెండు వేర్వేరు లోహాల బిళ్లల మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్ట పెట్టి, అలా దొంతర పేర్చితే ఆగకుండా విద్యుత్తు వస్తుందని తెలిపాడు. రెండు లోహాలు, మధ్య ఉప్పు చెమ్మ. సముద్రపు గాలి వీచే కళింగపట్నంలోనో, పూసపాటిరేగ మండలం చింతపల్లిలోనో రాత్రంతా ఆరుబయట నిలిపిన బండిలో ఇత్తడి క్లాంపుకూ ఇనుప బోల్టుకూ మధ్య ఉన్నదీ అదే అమరిక. అక్కడ పుట్టే విద్యుత్తు ఎవరికీ ఉపయోగపడదు, బోల్టును మాత్రం తినేస్తుంది. 1824లో హంఫ్రీ డేవీ ఈ సంగతిని తిరగేసి వాడాడు. బ్రిటిష్ యుద్ధనౌకల అడుగుకు తాపడం చేసిన రాగి రేకులు తరిగిపోకుండా వాటికి జింకు, ఇనుము ముక్కలు అతికించాడు. ఆ ముక్కలు అరిగాయి, రాగి నిలిచింది. కానీ రాగి కరగడం ఆగేసరికి నాచు, నత్తగుల్లలు పట్టి ఓడలు నెమ్మదించాయి. నౌకాదళం ఆ ఏర్పాటును తీసేసింది.

ఇక 1859 నుంచి 1885 దాకా ఫ్రాన్సులో గడిచిన కాలం. ఈ కథలో దానికి ఎంత చోటిచ్చినా తక్కువే. 1859లో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పెట్టి, చాపలా చుట్టి, పలచని గంధకామ్లంలో ముంచాడు. కరెంటు ఎక్కిస్తే దాచుకుంది, అడిగితే తిరిగి ఇచ్చింది. మరుసటి ఏడు తొమ్మిది సెల్లుల బ్యాటరీని పారిస్ సైన్స్ అకాడమీకి సమర్పించాడు. అయితే దాన్ని చార్జి చేయడానికి అప్పుడు మామూలు రసాయన సెల్లులే గతి. డైనమోలు వచ్చేదాకా అది ప్రయోగశాల దాటి పెద్దగా బయటికి రాలేదు. పైగా కొత్త రేకులు పనికి రావాలంటే పదేపదే చార్జి చేసి, ఖాళీ చేసి, నెలల తరబడి సాకాలి. కమీల్ ఫోర్ ఆ నిరీక్షణకు ముగింపు పలికాడు. 1881 నాటికి అతను సీసపు రేకులకు సింధూరాన్ని ముద్దచేసి పూసే పద్ధతి తెచ్చాడు. ఆంజనేయుడి విగ్రహానికి మెత్తే సింధూరంగా తరతరాలుగా వాడుకలో ఉన్న ఎర్రని సీసపు ఆక్సైడే అది. ముద్ద పూసిన రేకు కొద్ది రోజుల్లోనే సిద్ధమయ్యేది. నేటి వ్యాన్ బ్యాటరీలోని ప్లేట్లు కూడా జాలీలో సీసపు ఆక్సైడు ముద్ద నింపి చేసినవే. ఇన్ని మార్పులొచ్చినా ఆ మూలం మారలేదు.

అదే 1881 వసంతంలో పారిస్ నుంచి గ్లాస్గోకు ఒక పెట్టె బయలుదేరింది. అందులో చార్జి చేసిన ఫోర్ సెల్లులు నాలుగు ఉన్నాయి. 72 గంటల ప్రయాణం తరువాత కూడా వాటిలో విద్యుత్తు నిలిచే ఉంది. అందుకున్న విలియం థామ్సన్ పట్టలేని సంతోషంతో ఆ సంగతి పత్రికకు రాశాడు. ఆయనే తరువాతి లార్డ్ కెల్విన్. కరెంటును పెట్టెలో పెట్టి రైల్లో పంపవచ్చని లోకం నమ్మిన సందర్భం అది. అదే ఏడు ఏప్రిల్‌లో గుస్తావ్ త్రూవే పారిస్ వీధిలో బ్యాటరీతో మూడు చక్రాల బండి నడిపాడు. మరుసటి ఏడు గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అనే ఇద్దరు ఇంగ్లీషు రసాయనవేత్తలు, బ్యాటరీ ఖాళీ అయ్యేటప్పుడు రెండు ప్లేట్ల మీదా ఏర్పడేది లెడ్ సల్ఫేటేనని తేల్చారు. లోపల ఏర్పడి కరెంటునిచ్చే ఆ పదార్థమే బయట టెర్మినల్ మీద పేరుకుంటే కరెంటును అడ్డుకుంటుంది.

1882లోనే, అక్టోబరు నెలలో, బోర్డో దగ్గర మెడాక్ ద్రాక్షతోటల్లో మిలార్డె అనే వృక్షశాస్త్రవేత్త నడుస్తున్నాడు. బూజు తెగులుకు తోటలన్నీ ఆకు రాల్చాయి. బాట పక్క వరుసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. బాటసారులు పళ్లు కోసుకోకుండా రైతులు ఆ వరుసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లారు, విషంలా కనపడాలని. మూడేళ్ల పరీక్షల తరువాత 1885లో మిలార్డె దాన్ని మందుగా ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. ఉత్తరాంధ్ర రైతుకు ఇది పాత నేస్తం. వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. సున్నం వేసేది ఊరికే కాదు. మైలుతుత్తంలోని ఆమ్లగుణాన్ని అది చంపకపోతే ఆకు మాడిపోతుంది. ఆమ్లాన్ని క్షారంతో చంపే ఆ లెక్కే టెర్మినల్ శుభ్రం చేసేటప్పుడూ పనికొస్తుంది. కంచిలి, సోంపేట తోటల్లో బోర్డో పేస్టు కలిపిన చేతికి బ్యాటరీ వైద్యం సగం తెలిసినట్టే.

ఫ్రాన్సు వదిలితే కథ వేగంగా సాగుతుంది. 1899 ఏప్రిల్ 29న పారిస్ సమీపంలో జెనాట్జీ నడిపిన సీసపు బ్యాటరీ కారు గంటకు 105.88 కిలోమీటర్ల వేగం అందుకుంది. వంద దాటిన మొదటి కారు అదే. ఆ తరువాత పెట్రోలు గెలిచింది. బ్యాటరీని మళ్లీ బండిలోకి తెచ్చింది హ్యాండిల్ తిప్పే ప్రమాదం. ఇంజన్ ఎదురు తన్నితే హ్యాండిల్ చేయి విరగ్గొట్టేది. 1908లో బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు, ఆగిపోయిన కారును స్టార్టు చేయబోయి అలా దెబ్బతిని మరణించాడనీ, ఆ దుఃఖమే క్యాడిలాక్ అధిపతి లేలాండ్‌ను కదిలించిందనీ చెప్పుకుంటారు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ 1912 క్యాడిలాక్‌లో వచ్చింది. టెర్మినల్ పూత అప్పటి నుంచే బండి నడిపేవాడి సమస్య.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. డీజిల్ పికప్ సెల్ఫ్ కొట్టినప్పుడు మోటారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. పూత వల్ల క్లాంపు దగ్గర 0.02 ఓం నిరోధం ఏర్పడితే 3 వోల్టులు అక్కడే ఆగిపోతాయి. పన్నెండులో తొమ్మిదే మోటారుకు చేరతాయి, టిక్‌మని శబ్దం తప్ప ఇంజన్ కదలదు. అదే బండిలో లైట్లు 10 ఆంపియర్లే తీసుకుంటాయి కనుక పోయేది 0.2 వోల్టు. హారన్ మోగుతుంది, లైటు వెలుగుతుంది, సెల్ఫ్ మాత్రం తీసుకోదు. ఈ గందరగోళంలోనే మంచి బ్యాటరీని చచ్చిందనుకుని మార్చేస్తుంటారు. మల్టీమీటరు ఒక కొసను సీసపు పోస్టుకు, మరో కొసను క్లాంపుకు ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు చూపిస్తే దోషం బ్యాటరీది కాదు, అతుకుది.

పూర్వం శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో బ్యాటరీ చార్జింగ్ షాపులు ఉండేవి. బస్సులకూ, లారీలకూ మాత్రమే కాదు, కరెంటు లేని పల్లెల్లో పెళ్లి మైకుసెట్లకు కూడా బ్యాటరీలు అక్కడి నుంచే వెళ్లేవి. ఆనాటి బ్యాటరీ గట్టి రబ్బరు పెట్టె, పైన తారు పూత, సెల్లుల మధ్య సీసపు పట్టీలు బయటికే కనిపించేవి. ఒక సెల్లు పోతే తారు కరిగించి, ఆ ఒక్కటే విప్పి, ప్లేట్లు మార్చి, మళ్లీ సీసం పోసి అతికేవారు. గాజుగొట్టంలో యాసిడ్ లాగి గ్రావిటీ చూసి, ఎన్నో సెల్లు బలహీనమో చెప్పేవారు. ఇప్పుడు మూత తెరవడానికే వీల్లేని సీల్డు బ్యాటరీలు వచ్చాయి. యాసిడ్ తుంపర తగ్గింది, నీళ్లు పోసే పని తప్పింది. దానితో పాటు లోపల ఏం జరుగుతోందో చూసి చెప్పగల చేతులూ తప్పుకున్నాయి. బ్యాటరీ అమ్మే చోటు మిగిలింది, బాగుచేసే చోటు పోయింది. ఈ నష్టం చిన్నది కాదు. అయితే ఆ షాపుల్లో సీసం పొగ పీల్చి పనిచేసిన వారి ఆరోగ్యం సంగతి తలచుకుంటే, ఆ పద్ధతి యథాతథంగా తిరిగి రావాలని కూడా అనలేం.

తయారీ మాత్రం ఇంటికి దగ్గరైంది. గల్లా రామచంద్రనాయుడు 1985లో తిరుపతి దగ్గర స్థాపించిన అమరరాజా సంస్థ 2000లో అమరాన్ పేరుతో వాహన బ్యాటరీలు తెచ్చింది. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం కందివలసలో హెచ్‌బీఎల్ బ్యాటరీల కర్మాగారం ఉంది.

ఇక బాగుచేసే విధానం. ఇక్కడ ఒక ఇంటి అలవాటు అడ్డొస్తుంది. బుడితి ఇత్తడి చెంబు నల్లబడితే చింతపండుతో తోముతారు. చింతపులుసు ఆమ్లం, నల్లని ఆక్సైడును కరిగిస్తుంది. టెర్మినల్‌కు అది పనికిరాదు, అక్కడ రోగమే ఆమ్లం. కావలసింది క్షారం. చాకళ్లు బట్టలకు వాడిన చౌడుమట్టి పనిచేసిందీ ఆ గుణంతోనే. నేడు బజ్జీల పిండిలో వేసే తినేసోడా చాలు.

ఇంజన్ ఆపి, తాళం తీసి, ముందు మైనస్ క్లాంపు విప్పాలి. మైనస్ తగిలి ఉండగా ప్లస్ విప్పితే, స్పానర్ బండి ఇనుముకు తగిలి నిప్పులు రాలతాయి. గాలిలో హైడ్రోజన్ నూటికి నాలుగు పాళ్లు ఉన్నా పేలుతుంది, కాబట్టి దగ్గర్లో బీడీ కూడా ఉండకూడదు. క్లాంపు రాకపోతే సుత్తితో కొట్టవద్దు, పోస్టు కింద పగులు పడి యాసిడ్ మరింత కారుతుంది. గ్లాసు నీటిలో చెంచా సోడా కలిపి పోస్తే నురగ వస్తుంది. నురగ ఆగేదాకా పోయాలి, చుక్క కూడా సెల్లుల్లో పడకూడదు. మైలుతుత్తం నీటితో కొట్టుకుపోతుంది. తెల్లటి లెడ్ సల్ఫేటు పోదు, వైరు బ్రష్షుతో గీకాలి. పోస్టు చుట్టూ, క్లాంపు లోపలి వైపు లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చాక ప్లస్ ముందు, మైనస్ తరువాత బిగించాలి. బిగించిన పైన పెట్రోలియం జెల్లీ పూయాలి, లోపల కాదు. తీరప్రాంతపు బండ్లకు ఈ పూత తప్పనిసరి.

కేబుల్ తొడుగు కింద తీగ పచ్చబడి పొడిపొడిగా ఉంటే కడిగి లాభం లేదు. మంచి రాగి కనిపించే దాకా కోసి కొత్త లగ్గు వేయించాలి. శుభ్రం చేసిన నెలలోపే పూత మళ్లీ వస్తే ఆల్టర్నేటర్ ఎక్కువ చార్జి చేస్తోందేమో చూపించాలి. ఇంజన్ నడుస్తుండగా టెర్మినళ్ల మధ్య సుమారు పద్నాలుగు, పద్నాలుగున్నర వోల్టులు ఉండాలి, పదిహేను దాటితే దోషమే.

గీకిన తెల్లపొడి సీసపు విషం. దాన్ని చెరువు గట్టున, పిల్లలు తిరిగే చోట దులపకండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే అన్నం దగ్గర కూర్చోండి. నిజంగానే చచ్చిన బ్యాటరీని కాల్చి సీసం తీసేవాడికి ఇవ్వకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతదాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే, కొన్న దుకాణంలోనే ఇచ్చేయండి.