పైథాన్ భాష: యాజమాన్యం నుంచి ధర్మకర్తృత్వానికి

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి పంటల విత్తన రకాలు భద్రపరచబడి ఉన్నాయి. 1994 అక్టోబరులో కుదిరిన ఒప్పందంతో ఆ సేకరణ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలోకి వచ్చింది. దానిపై యాజమాన్యాన్ని గాని, మేధోసంపత్తి హక్కును గాని కోరరాదన్నది అందులోని షరతు. అంటే ఇక్రిశాట్ ఆ విత్తనాలకు యజమాని కాదు, ధర్మకర్త. ఈ పారిశ్రామికవాడ పరిసరాల కళాశాలల్లో విద్యార్థులు నేర్చుకొంటున్న పైథాన్ భాషకూ ఇటువంటి ధర్మకర్త ఉంది. అది ఎట్లా ఏర్పడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు విభాగాల్లో కంప్యూటర్ చరిత్ర సాధారణంగా లిపి, ఫాంట్లు, యూనికోడ్ దగ్గరే ఆగిపోతుంది. తెలుగు పాఠాల మీద పనిచేసే పరిశోధకులు వాడే సాధనం ఎవరి చేతిలో ఉందన్నదీ మనకు సంబంధించిన ప్రశ్నే.

గీడో వాన్ రోసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లోని సి.డబ్ల్యు.ఐ. పరిశోధన సంస్థలో 1989 డిసెంబరులో ఈ భాషను రాయడం మొదలుపెట్టి, 1991లో విడుదల చేశాడు. 1995లో ఆయన అమెరికాలోని సి.ఎన్.ఆర్.ఐ.కి మారగా భాషాభివృద్ధి కూడా అక్కడికి తరలింది. 2000లో ఆ బృందం బీఓపెన్ అనే కంపెనీకి, కొద్ది నెలలకే డిజిటల్ క్రియేషన్స్‌కు వెళ్ళింది. కొలువు మారినప్పుడల్లా హక్కుల చిక్కు పెరిగింది. 1.6 వెర్షన్ లైసెన్సులో వర్జీనియా రాష్ట్ర చట్టం వర్తిస్తుందన్న నిబంధన చేరింది. అది జీపీఎల్ లైసెన్సుతో పొసగదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అభ్యంతరం చెప్పింది. 2001 మార్చిలో లాభాపేక్ష లేని పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. 2.1 వెర్షన్ నుంచి హక్కులు దానికే చెందాయి. లైసెన్సు వివాదమూ ఆ ఏడాదిలోనే సమసిపోయింది.

ఈ ఏర్పాటు విలువ 2018లో తెలిసివచ్చింది. ఆ జులైలో వాన్ రోసమ్ తుది నిర్ణయాధికారాన్ని వదులుకొన్నాడు. మరుసటి ఏడాది ఐదుగురు సభ్యుల మండలి ఎన్నికై ఆ బాధ్యత స్వీకరించింది. హక్కులు వ్యక్తి చేతిలో లేకపోవడం వల్లనే ఈ మార్పు ఇంత సాఫీగా జరిగిందని నా అభిప్రాయం.

భారతదేశంలో పైకాన్ ఇండియా సమావేశాలు 2009లో బెంగళూరులో మొదలయ్యాయి. 2018లోనూ, 2023లోనూ హైదరాబాదు వాటికి వేదికైంది. రెండవసారి జె.ఎన్.టి.యు. ఆతిథ్యమిచ్చింది. వీటి బరువు మోసేది ప్రధానంగా స్వచ్ఛంద కార్యకర్తలే.

విత్తనం ఉచితంగా అందినా జన్యునిధి శీతల గదులు ఖర్చు లేకుండా నడవవు. ఫౌండేషన్ పరిస్థితీ అంతే. సుమారు 50 లక్షల డాలర్ల వార్షిక బడ్జెట్ గల ఈ సంస్థ, అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు సమర్పించిన 15 లక్షల డాలర్ల ప్రతిపాదనను 2025 అక్టోబరులో ఉపసంహరించుకొంది. వైవిధ్యాన్ని, సమ్మిళితత్వాన్ని ప్రోత్సహించే కార్యక్రమాలపై ఆ గ్రాంటు విధించిన ఆంక్ష, గ్రాంటు సొమ్ముతో చేసే పనికే కాక సంస్థ కార్యకలాపాలన్నిటికీ వర్తిస్తుంది. ఉల్లంఘించినట్లు తేలితే ఖర్చుపెట్టిన సొమ్మును సైతం వెనక్కి అడగవచ్చు. భిన్న నేపథ్యాల వారితో కూడిన సమాజాన్ని పెంపొందించడం ఫౌండేషన్ లక్ష్యాలలోనే ఉంది కనుక షరతుకు అంగీకరించలేకపోయింది. ఆ సొమ్ము పై.పి.ఐ. అనే ప్యాకేజీల భాండాగారపు భద్రతకు ఉద్దేశించినది. సంగారెడ్డిలో ఒక విద్యార్థి ప్రయోగశాలలో పిప్ ఆదేశం ఇస్తే ప్యాకేజీ దిగుమతి అయ్యేది ఆ భాండాగారం నుంచే.