అరిగిన మోకాళ్ళూ, పదో నంబరు చొక్కా

మా ఆఫీసు ఫుట్‌బాల్ టీంకి ఒక వాట్సాప్ గ్రూపుంది. మామూలు రోజుల్లో అందులో "రేపు టర్ఫ్ బుక్ చేశారా?", "బంతికి గాలెవరు కొట్టిస్తారు?" తప్ప వేరే సాహిత్యమేమీ ఉండదు. మొన్నామధ్య కంపెనీల మధ్య టోర్నమెంటు అనేసరికి మాత్రం అర్ధరాత్రి దాకా యుద్ధం జరిగింది. కారణం మా సీనియర్ ఒకాయన. నలభై దాటాయి. అందరం "అన్నా" అనే పిలుస్తాం. ఆయన కాలికి బంతి దొరికితే మిగతావాళ్ళం ఆట మానేసి చూస్తాం, అంత బాగా ఆడతారు. కానీ ఆ మోకాలు ఎప్పుడు మొరాయిస్తుందో ఆయనకే తెలీదు. పోయినేడు సెమీఫైనల్లో పది నిమిషాలకే కుంటుకుంటూ బయటికొచ్చేశారు.

మరి ఈసారి తీసుకోవాలా, వద్దా? నేను వద్దన్నాను. "అన్నా, ఏమనుకోవద్దు, రిస్కు ఎక్కువ" అని రాసి పక్కన దణ్ణం బొమ్మ కూడా పెట్టాను. ఆయన "పర్లేదు తమ్ముడూ" అన్నారు. అంతే. ఆ "పర్లేదు" రెండ్రోజులు నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఆ రెండ్రోజుల్లో తవ్వి తీసి చదువుకున్న కథ ఇది. ఇటలీ ఆటగాడు రాబర్టో బాజ్జో కథ. (చంటిపిల్లల్ని జోకొట్టే "బజ్జో" కాదండోయ్. ఇతను డిఫెండర్లని బజ్జోబెట్టే రకం :)) ఇతని ఆట నేను లైవ్‌లో చూడలేదు. అతను రిటైరయ్యేనాటికి నేనింకా ఎక్కాలు బట్టీ పడుతున్నాను. చూసిందంతా యూట్యూబులోనే.

బాజ్జో అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1994 ప్రపంచకప్ ఫైనల్. బ్రెజిల్ మీద పెనాల్టీ బారు పైనుంచి కొట్టేసి, నడుం మీద చేతులు పెట్టుకుని తలొంచుకున్న ఆ ఫోటో. నాకు మాత్రం అతని కథలో అంతకన్నా ఆసక్తిగా అనిపించింది వేరే ఉంది. "ఇతన్ని తీసుకోవచ్చా?" అనే ప్రశ్న అతన్ని కెరీర్ మొదట్లోనూ, చివర్లోనూ కూడా వెంటాడింది.

మొదటిసారి 1985లో. అప్పటికి బాజ్జోకి 18 ఏళ్ళు, సొంతూరికి దగ్గర్లోని విచెంజా క్లబ్బుకి ఆడుతున్నాడు. ఫియొరెంటీనా అనే పెద్ద క్లబ్బుతో ఒప్పందం కుదిరింది. కుదిరిన కొద్ది రోజులకే, మే 5న, రిమిని మీద మ్యాచ్‌లో కుడి మోకాలి లిగమెంటు తెగిపోయింది. ఆ రోజుల్లో అది మామూలు దెబ్బ కాదు, చాలామందికి ఆట అక్కడితో సరి. ఆపరేషన్లో 220 కుట్లు పడ్డాయని తర్వాత అతనే చెప్పుకున్నాడు. ఫియొరెంటీనా "సారీ బాబూ" అని తప్పుకుంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. కానీ మాట మీద నిలబడ్డారు. మొదటి సీజన్ మొత్తం పోయింది. రెండో సీజన్లో దిగిన వారానికే మళ్ళీ దెబ్బ. ఇటలీ మొదటి శ్రేణి లీగు అయిన సెరీ ఆలో అతని మొదటి గోలు 1987 మే 10న గానీ రాలేదు. రెండేళ్ళు ఓపిక పట్టారు. 1990లో అదే కుర్రాణ్ణి యువెంటస్ ప్రపంచ రికార్డు ధరకి కొనుక్కుంది. అమ్మినందుకు ఫ్లోరెన్స్ వీధుల్లో అభిమానులు గొడవలకి దిగారు. 1993లో యూరప్ ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్నాడు.

అయితే ఇది పద్దెనిమిదేళ్ళ వాడి సంగతి. కుర్రాడి మీద పెట్టే పందెం వేరు, ఎదురుచూడ్డానికి ముందు బోలెడు కాలం ఉంటుంది. అసలు చిక్కు రెండోసారి, 2000లో వచ్చింది.

ఈ మధ్యలో యువెంటస్ అయింది, మిలాన్ అయింది, 1997-98లో బొలోన్యాకి 22 లీగు గోల్సు కొట్టడమూ అయింది. తర్వాత రెండేళ్ళు ఇంటర్‌లో. అక్కడ కోచ్ మార్చెల్లో లిప్పీకీ ఇతనికీ పడలేదు, చాలాసార్లు బెంచీ మీదే. అయినా 2000 మేలో పార్మా మీద జరిగిన ప్లేఆఫ్‌లో రెండు గోల్సు కొట్టి, ఇంటర్‌ని ఛాంపియన్స్ లీగు దారిలో పెట్టాడు. బహుమతిగా ఏమొచ్చిందంటే... కాంట్రాక్టు అయిపోయింది, పొడిగించలేదు.

ఇప్పుడతనికి 33. రెజ్యూమె చూస్తే కళ్ళు తిరుగుతాయి, మెడికల్ రిపోర్టు చూసినా కళ్ళు తిరుగుతాయి. ఎవరు తీసుకుంటారు?

తీసుకున్నది బ్రెషా. అప్పుడే రెండో శ్రేణి నుంచి పైకొచ్చిన చిన్న క్లబ్బు. దాని లక్ష్యం కప్పు గెలవడం కాదు, మళ్ళీ కింద పడకుండా ఉండడం. అధ్యక్షుడు జీనో కొరియోని, కోచ్ అరవై దాటిన కార్లో మట్సోనె. కిందికి పోకుండా పోరాడే టీంకి పరిగెత్తే కుర్రాళ్ళు కావాలి గానీ వెనక్కొచ్చి డిఫెన్సు చెయ్యలేని పెద్దమనిషి ఎందుకు? పైగా అంత పేరున్నవాడు గాయపడి కూర్చుంటే టీం మొత్తం డీలా పడదా? వాట్సాప్ గ్రూపులో నేను వాదించింది అచ్చం ఇదే.

కానీ బ్రెషా లెక్క కాస్త జాగ్రత్తగా చూస్తే అది జూదంలా కనిపించదు. మొదటిది, కాంట్రాక్టు ముగిసినవాడు కాబట్టి బదిలీ రుసుం సున్నా. ఇచ్చేది జీతమే. గాయపడితే నష్టం ఉంటుంది గానీ క్లబ్బు మునిగిపోయేంత కాదు. రెండోది, బాజ్జోకీ అవసరం ఉంది. 2002 ప్రపంచకప్ ఆడాలని పట్టుదల, అందుకు ప్రతి వారం మైదానంలో కనపడాలి. పెద్ద క్లబ్బులో బెంచీ మీద కూర్చుంటే కుదరదు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మట్సోనె వెళ్ళిపోతే తనూ వెళ్ళిపోవచ్చని బాజ్జో కాంట్రాక్టులో ఒక షరతు ఉండేదంటారు. అంటే అతను చేరింది క్లబ్బులో కన్నా ముందు ఒక మేనేజరు దగ్గర. కంపెనీ పేరు చూసి చేరి మేనేజరు వల్ల రిజైన్ చేసినవాళ్ళకి ఈ షరతు విలువ నేను చెప్పక్కర్లేదు :)

మట్సోనె కూడా ఊరికే పేరు చూసి తీసుకోలేదు. బాజ్జోని ముందుంచి, అతను చెయ్యలేని పరుగు మిగతావాళ్ళు చేసేలా టీం కట్టాడు. 2001 జనవరిలో ఇంటర్ నుంచి అప్పు మీద ఆండ్రియా పిర్లో వచ్చాడు. బ్రెషా కుర్రాడే. అతనూ ముందు ఆడే పదో నంబరు రకమే, ఆ చోటేమో బాజ్జోది. మట్సోనె పిర్లోని వెనక్కి, డిఫెన్సుకి కాస్త ముందుకి జరిపి, అక్కణ్ణుంచి ఆట నడపమన్నాడు. తర్వాత మిలాన్‌కీ, 2006లో ప్రపంచకప్ గెలిచిన ఇటలీకీ పిర్లో ఆడింది ఆ చోటులోనే. ముసలాయన్ని తీసుకుంటే కుర్రాళ్ళకి అడ్డం అంటాం కదా, ఇక్కడ ముసలాయన అడ్డముండబట్టే కుర్రాడికి అసలు చోటు దొరికింది.

2001 ఏప్రిల్ 1న ట్యూరిన్‌లో యువెంటస్ మీద మ్యాచ్. ఒక గోలు వెనకబడ్డారు. చివరి నిమిషాల్లో పిర్లో వెనకనుంచి పొడవాటి పాసు వేశాడు. భుజం మీదుగా దిగుతున్న బంతిని బాజ్జో ఒక్క స్పర్శతో ఆపి, అదే స్పర్శతో గోలీ వాన్ డెర్ సార్‌ని దాటేసి లోపలికి తోశాడు. 1-1. మోకాలికీ ఈ గోలుకీ సంబంధం లేదు. అది మెదడూ, పాదమూ చేసిన పని. ఆ సీజన్లో 25 మ్యాచులు, 10 గోల్సు. కింద పడతారనుకున్న టీం ఇంటర్‌టోటో కప్పు ఆడే దాకా వెళ్ళింది.

ఇక్కడితో ఆపేస్తే సినిమా కథ అయిపోతుంది. బిల్లు 2001-02లో వచ్చింది.

సీజను మొదట్లో మాత్రం పూనకమే. తొమ్మిది మ్యాచుల్లో 8 గోల్సు. సెప్టెంబర్ 30న పక్కూరి శత్రువు అటలాంటా మీద 1-3తో వెనకబడ్డప్పుడు హ్యాట్రిక్ పూర్తి చేసి 3-3 చేశాడు. తన తల్లిని తిడుతున్న అటలాంటా అభిమానుల వైపు మట్సోనె ఆ వయసులో మైదానం అడ్డంగా పరిగెత్తింది ఆ రోజే (వీడియో దొరుకుతుంది, తప్పకుండా చూడండి). తర్వాత వరసగా గాయాలు. 2002 జనవరి 31న పార్మా మీద కప్పు సెమీఫైనల్లో ఈసారి ఎడమ మోకాలి లిగమెంటు తెగింది. 35 ఏళ్ళకి దగ్గర పడ్డవాడికి. "మేం ముందే చెప్పాం" అనేవాళ్ళకి అంతకన్నా మంచి రోజు ఉండదు.

మూడు నెలలు నిండకుండానే, ఏప్రిల్ 21న, అతను తిరిగొచ్చాడు. బెంచీ మీంచి లేచి ఫియొరెంటీనా మీద రెండు గోల్సు కొట్టాడు. ఒకప్పుడు తన కోసం రెండేళ్ళు ఎదురుచూసిన క్లబ్బు మీదే! ఆఖరి మ్యాచ్ మే 5న, రిమినిలో మోకాలు పోయిన రోజుకి సరిగ్గా 17 ఏళ్ళకి. బొలోన్యా మీద 3-0 గెలుపు, అందులోనూ అతని గోలుంది. సీజన్ చివర లెక్క చూస్తే బ్రెషా 40 పాయింట్లు, కిందికి పోయిన వెరోనా 39. ఒక్క పాయింటు తేడా. ఆ ఏడాది బాజ్జో ఆడింది 34లో 12 మ్యాచులే, కొట్టింది 11 గోల్సు.

నాలుగేళ్ళూ కలిపితే 136 లీగు మ్యాచుల్లో 95 ఆడాడు, 45 గోల్సు కొట్టాడు. మన భాషలో అప్‌టైం 70 శాతం. ఈ అప్‌టైంతో ఏ క్లయింటు దగ్గరికెళ్ళినా తన్ని తరిమేస్తాడు. కానీ బ్రెషా ఆ నాలుగేళ్ళూ మొదటి శ్రేణిలోనే ఉంది. 2004 మేలో అతను రిటైరయ్యాడు, 2005లో టీం కింద పడిపోయింది.

ఈ చివరి వాక్యాన్ని రెండు రకాలుగా చదవొచ్చు. "చూశారా, అతని విలువ!" అనొచ్చు. "నాలుగేళ్ళు ఒక్కడి మీద ఆధారపడి, తర్వాతి రోజు గురించి ఆలోచించలేదు" అని కూడా అనొచ్చు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి.

గాయాలవాణ్ణి ఎలా తీసుకోకూడదో తెలియాలంటే మైకేల్ ఓవెన్‌ని చూడాలి. 2005లో న్యూకాజిల్ అతనికి సుమారు 1.6 కోట్ల పౌండ్లు పోసింది, క్లబ్బు చరిత్రలోనే రికార్డు. వయసు 25 అయినా తొడ కండరాల గాయాలు అప్పటికే పాతవి. ఆ డిసెంబర్‌లో పాదం ఎముక విరిగింది, 2006 ప్రపంచకప్‌లో మోకాలు పోయింది. నాలుగు సీజన్లలో 152 లీగు మ్యాచులకి 71 ఆడాడు, సగం కూడా కాదు. 2009లో న్యూకాజిల్ కింద పడింది. అదే వేసవిలో అదే ఓవెన్‌ని మాంచెస్టర్ యునైటెడ్ ఫ్రీగా తీసుకుంది. మూల జీతం తక్కువ, ఆడితే అదనం అని అప్పట్లో వార్తలు. పని కూడా చిన్నదే, ఎక్కువగా చివర్లో దిగడం. సెప్టెంబర్‌లో మాంచెస్టర్ సిటీ మీద 96వ నిమిషంలో 4-3 చేసిన గోలు అతనిదే. మనిషి అదే, కాళ్ళూ అవే. మారింది ధరా, అడిగిన పనీ.

కాబట్టి "తీసుకోవాలా వద్దా" అన్న ప్రశ్నే సగం ప్రశ్న అని నాకిప్పుడు అనిపిస్తోంది. ఎంతకి తీసుకుంటున్నాం, ఏ పనికి, అతను లేని రోజున ఎవరు ఆడతారు? ఈ మూడింటికీ జవాబు లేకుండా తీసుకోవడం జూదం. ఈ మూడూ అడక్కుండా వద్దనడం బద్ధకం. నేను చేసింది రెండోది.

ఇంకో మాట కూడా చెప్పాలి. బ్రెషాకి లాభమే. బాజ్జోకి? అంత తొందరపడి తిరిగొచ్చింది ప్రపంచకప్ కోసం. కోచ్ ట్రాపట్టోని అతన్ని తీసుకెళ్ళలేదు. క్లబ్బు ఒక సీజన్ రిస్కు చేస్తుంది, ఆటగాడు మిగిలిన జీవితమంతా నడవాల్సిన మోకాలిని రిస్కు చేస్తాడు. మన లెక్కల్లో ఆ కాలమ్ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. నేను "రిస్కు ఎక్కువ" అన్నప్పుడు కూడా ఆలోచించింది టీం రిస్కు గురించే, అన్న మోకాలి గురించి కాదు.

బ్రెషా పదో నంబరు చొక్కా ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేసింది. ఆ పాత క్లబ్బు కూడా 2025లో అప్పుల గొడవల్లో మూతపడింది. మట్సోనె 2023లో పోయాడు. గోల్సు మాత్రం యూట్యూబులో ఉన్నాయి.

నిన్న రాత్రి గ్రూపులో నా మాట వెనక్కి తీసుకున్నాను. అన్నని తీసుకుందాం, కానీ చివరి పదిహేను నిమిషాలకే. మొత్తం మ్యాచ్ ఆడే కుర్రాణ్ణి ఆ చోటులో ఇప్పట్నుంచే తయారు చేద్దాం. ఫిజియో "ఊ" అంటేనే దిగాలి. దిగాలో వద్దో ఆఖరి మాట అన్నదే అని రాశాను.

ఆయన చాలాసేపు జవాబివ్వలేదు. పొద్దున్న చూస్తే ఒకటే లైను: "పదిహేను ఎందుకు తమ్ముడూ, పది చాలు."

టోర్నమెంటు వచ్చే నెల. మీ టీంలో అయితే మీరేం చేసేవాళ్ళు?